మండువా ఇంట్లో స్నానాలగది

పోయినేడాది సంక్రాంతికి మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. కోనసీమలో గోదావరి పాయకి దగ్గరగా ఉన్న ఊరు. అమ్మమ్మా లేదు, ఇద్దరు మామయ్యలూ లేరు. పెద్దత్తయ్య ఒక్కతీ ఉంటోంది, డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఆవిడా, వందేళ్ళు దాటిన ఆ మండువా ఇల్లూ. అమ్మేద్దామా, ఉంచుదామా అని నాలుగేళ్ళుగా నలుగుతున్న విషయం ఈసారి తేల్చుకోవాలని బావలిద్దరూ వచ్చారు. చిన్న బావ తనతో ఒక ఆర్కిటెక్టుని తీసుకొచ్చాడు. పాత కట్టడాలను బాగుచేయడంలో చదువుకున్న అమ్మాయి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఎంతో మర్యాదస్తురాలు.

ఆ అమ్మాయి రెండు రోజులు టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచింది. వీధి అరుగులు, సావిడి, మండువా చుట్టూ పంచపాళీ, రంగూను టేకు అని మావాళ్ళు తరతరాలుగా చెప్పుకునే స్తంభాలు, అటక, గాదెగది, అన్నీ గీసుకుంది. మూడో రోజు భోజనాలయ్యాక తన మాట చెప్పింది. ఇల్లు అమ్మకండి, రిసార్టుకీ సినిమా షూటింగులకీ ఇవ్వకండి, మ్యూజియం చేయకండి, మనుషులు కాపురం ఉండే ఇల్లుగానే నిలబెట్టండి అంది. అందరికీ నచ్చింది. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు అత్తయ్య అడిగింది. "పడమటింటి గోడకి ఒక గుమ్మం కొట్టి, అవతల చిన్న స్నానాలగది కట్టించుకోవచ్చామ్మా?"

ఇప్పుడున్న స్నానాలగదీ, మరుగుదొడ్డీ పెరట్లో నుయ్యి దాటాక ఉన్నాయి. పడమటింట్లో మంచం మీంచి లేచి అక్కడికి వెళ్ళాలంటే నలభై అడుగులు. వానాకాలం నూతిపళ్ళెం చుట్టూ పాచి. రెండేళ్ళ కిందట రాత్రిపూట జారిపడి చెయ్యి విరిగింది. ఆర్కిటెక్టు అమ్మాయి సౌమ్యంగానే జవాబు చెప్పింది. అది రెండడుగుల మందం గోడ, గానుగ సున్నంతో కట్టింది, ఇంతవరకూ ఎవరూ చెయ్యి పెట్టని గోడ. ఆ గుమ్మం కొడితే ఇంటి నమూనా చెడుతుంది. దానికి బదులు పెరట్లో దారికి రాళ్ళు పరిపించి, పట్టుకోవడానికి కమ్మీ వేయించి, దీపం పెట్టించుకోమంది. బావలు సరేనన్నారు. నేనూ సరేనన్నాను. నా వాటా నేరం ముందే ఒప్పుకుంటున్నాను. ఆ గోడలో నాకు మా అమ్మ కనిపించింది, అత్తయ్య మోకాళ్ళు కనిపించలేదు.

అత్తయ్య మరి మాట్లాడలేదు. లేచి అంట్లగిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

ఇది జరిగిన దగ్గర్నుంచీ 'కాపురం ఉండే ఇల్లు' అనే మాట నన్ను వదలలేదు. పాత ఇళ్ళ పరిరక్షణ గురించి రాసేవాళ్ళందరూ ఈ మాట వాడతారు. ఎవరు ఉండాలి, ఎలా ఉండాలి అన్నది మాత్రం వాళ్ళ వ్యాసాల్లో కనిపించదు. ఖరీదైన నున్నటి కాగితాల పుస్తకాల్లో స్తంభాలూ, ఉయ్యాలబల్లా, చెక్కిన ద్వారబంధమూ ఉంటాయి. వంటిల్లు దాదాపు ఉండదు. ఉన్నా మసి తుడిచేసి రాగిబిందెలు పేర్చి ఉంటుంది. దొడ్డిగుమ్మం బొత్తిగా ఉండదు.

మాట తప్పని నేననను. మనుషులున్న ఇల్లే నిలబడుతుందన్నది నిజం. మండువా ఇంట్లో నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలుతుంది. వాననీళ్ళన్నీ మధ్యకే పడి తూము గుండా బయటికి పోతాయి. ఆ తూములో నాలుగు బాదం ఆకులు అడ్డం పడితే చాలు, పంచపాళీలోకి నీళ్ళెక్కుతాయి. కప్పులు కలిసే మూలల్లో ఒక్క పెంకు జారితే నీరు దూలంలోకి దిగుతుంది. తడిసిన దూలానికి చెదపట్టడానికి ఎన్నాళ్ళు కావాలి? కోతులు పెంకుల మీద గెంతిన మర్నాడే ఎవరో ఒకరు తలెత్తి చూడాలి. ఏటా వానలకి ముందు పెంకు తిరగనేయించాలి. సున్నపు గోడకి సున్నమే పూయాలి. సిమెంటు పూస్తే గోడలో తేమ బయటికి పోయే దారి లేక, ఉప్పు పైకి తన్ని, ఇటుక పొడిగా రాలిపోతుంది. మా చిన్న మామయ్య సావిడి గోడకి అడుగున నాలుగడుగుల మేర సిమెంటు చేయించాడు. తేమ దాని మీదినుంచి ఎగబాకింది. ఇవన్నీ ఆ ఆర్కిటెక్టు అమ్మాయి చక్కగా వివరించింది. ఆవిడ చెబుతున్నంతసేపూ అత్తయ్య తల ఊపుతూనే ఉంది. యాభై అయిదేళ్ళుగా తూములో ఆకులు తీసింది అత్తయ్యే. పెంకు నేసేవాళ్ళకి కబురుపెట్టి, వాళ్ళకి అన్నం వండిపెట్టి, ఎక్కడ కారిందో కర్రతో చూపించిందీ అత్తయ్యే. పరిరక్షణ శాస్త్రంలో 'నిరంతర నిర్వహణ' అంటారట దీన్ని. మా ఇంట్లో దీనికి పేరు లేదు. అత్తయ్య ఖాళీగానే ఉంటుంది కదా, అనేవారు.

పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథ మనందరికీ తెలిసిందే. ఇల్లు అద్దంలా ఉంచుతూ ఉంచుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలు, ఆ పేరు వెతుక్కుంటూ బయల్దేరడం. ఆ కథని నేను చాలాసార్లు పాఠంగా చెప్పాను. ఇల్లు పీడన, పేరు విముక్తి అని రెండు గడులు గీసి చెప్పేదాన్ని. సంక్రాంతి తర్వాత మళ్ళీ చదివితే నా గడులు సరిపోలేదు. ఆమె పేరు మరిచిపోయింది ఇల్లు అలకడం వల్ల మాత్రమే కాదు. అలికే మనిషికి ఆ ఇంటి మీద ఆ పని తప్ప మరే అధికారమూ లేకపోవడం వల్ల. మా అత్తయ్యకి తన పేరు గుర్తుంది. ఆ పేరు ఇంటి పన్ను రసీదు మీద లేదు. మామయ్య పోయి పదేళ్ళయినా రసీదు ఆయన పేరుతోనే వస్తోంది. వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో పాటు భార్యా మొదటి తరగతి వారసురాలే. ఆ ఇంట్లో ఆమెకీ వాటా ఉంది. గుమ్మం కొట్టుకోవచ్చా అని ఆవిడ నిన్నగాక మొన్న వచ్చిన ఒక అమ్మాయిని అడిగింది. మేమందరం అది సహజమే అన్నట్టు కూర్చున్నాం.

ఇంగ్లండులో పాత భవంతుల్ని కుటుంబాలు ఉండగానే కాపాడే పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. అక్కడి నేషనల్ ట్రస్టు 1895లో మొదలైంది. స్థాపించిన ముగ్గురిలో ఒకరు ఆక్టేవియా హిల్, లండను పేదల ఇళ్ళ కోసం జీవితమంతా పనిచేసిన స్త్రీ. 1937లో వచ్చిన చట్టంతో, భూస్వాములు తమ భవంతిని ట్రస్టుకి రాసిచ్చి అందులోనే ఉండే వీలు కలిగింది. మరణపన్నులు కట్టలేక భవంతులు కూలిపోతున్న రోజులవి. కెంటులోని నోల్ భవనం ఈ దారినే 1946లో ట్రస్టుకి చేరింది. ఏడాదికెన్ని రోజులో అన్ని గదులని చెప్పుకునే ఇల్లు. శాక్‌విల్ కుటుంబం అందులో ఒక భాగంలో ఇప్పటికీ ఉంటోంది. కాపురం ఉండే చారిత్రక గృహానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ చూపించరు.

కానీ ఆ ఇంటిని అందరికన్నా ఎక్కువగా ప్రేమించిన మనిషి అందులో లేదు. వీటా శాక్‌విల్-వెస్ట్ 1892లో ఆ ఇంట్లోనే పుట్టింది, తల్లిదండ్రులకి ఒక్కతే బిడ్డ. ముప్ఫై ఏళ్ళకే ఆ ఇంటి చరిత్ర రాసింది. 1928లో తండ్రి పోయాడు. ఆడపిల్ల కాబట్టి బిరుదూ, ఇల్లూ బాబాయికి వెళ్ళాయి. ఆ ఏడాదే వర్జీనియా వుల్ఫ్ ఆమె కోసం 'ఓర్లాండో' రాసింది. మగవాడిగా పుట్టి నడిమధ్యలో స్త్రీగా మారి మూడువందల ఏళ్ళకి పైగా బతికే మనిషి కథ. అందులో ఆస్తి దావా గురించి వుల్ఫ్ వేళాకోళం చేస్తుంది. చచ్చిపోయిందన్న అభియోగం ఒకటి, ఆడదయిందన్నది ఇంకొకటి, ఆస్తి పోవడానికి రెండూ ఒకటేనన్నట్టుగా. నవల్లో చివరికి ఇల్లు ఓర్లాండోకే దక్కుతుంది. చట్టం ఇవ్వని ఇంటిని స్నేహితురాలు నవల్లో ఇచ్చింది. ఆ నవల రాతప్రతి ఇప్పుడు నోల్‌లోనే ఉంది. వీటా మాత్రం చాలా ఏళ్ళు ఆ గడప తొక్కలేదు. ఇల్లు ట్రస్టు చేతికి వచ్చాక సందర్శకుల కోసం గైడు పుస్తకం రాసిపెట్టమని ఆమెనే అడిగారు. రాసిచ్చింది. ఆ పుస్తకం రాస్తున్నప్పుడు ఆమె ఎలా ఉండి ఉంటుందో అని నేను చాలాసార్లు అనుకున్నాను. మా అమ్మ తన పుట్టింటికి పెళ్ళిళ్ళప్పుడు వెళ్ళి, ఏ సామాను ఏ అటక మీద ఉందో కోడళ్ళకి చెప్పిపెట్టేది.

అయితే వీటా మీద నాకు జాలి ఒక్కటే కలగదు. ఆమె దుఃఖం ఇంటిని పోగొట్టుకున్న ప్రభువంశీకురాలి దుఃఖం. ఆమె నోల్ చరిత్రలోనే పదిహేడో శతాబ్దం మొదట్లో ఆ ఇంట్లో పనిచేసినవాళ్ళ జాబితా ఉంది. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుని తినాలో రాసిన జాబితా. చాకలి పనివాళ్ళ బల్ల దగ్గర గ్రేస్ రాబిన్సన్ అనే నల్లజాతి స్త్రీ పేరు ఉంది. ఆ ఒక్క పంక్తి తప్ప ఆమె గురించి మరేమీ లేదు. నాలుగు వందల ఏళ్ళ కిందట అంత పెద్ద ఇంటి దుప్పట్లు ఉతికిన చేతులు అవి. వీటా ఆ పేరు అచ్చువేసింది, దాని దగ్గర ఆగలేదు. ఆగి ఉంటే ఆ పుస్తకం ఇంకోలా ఉండేది.

అదే కాలంలో, అదే ఇంట్లో ఇంకొక స్త్రీ ఉండేది. లేడీ ఆన్ క్లిఫర్డ్, ఆ ఇంటి యజమాని భార్య. తండ్రి 1605లో చనిపోతూ తన ఆస్తిని కూతుర్ని కాదని తమ్ముడికి రాశాడు. పదిహేనేళ్ళ పిల్ల. ఆ వీలునామా చెల్లదని తల్లీ కూతుళ్ళు వాదించారు. డబ్బు పుచ్చుకుని ఒప్పుకోమని భర్త పోరాడు, బెదిరించాడు. రాజు జేమ్స్ స్వయంగా పిలిపించి సంతకం పెట్టమన్నాడు. పెట్టనంది. 1617లో తీర్పు ఆమెకి వ్యతిరేకంగా వచ్చినా ఒప్పుకోలేదు. చివరికి 1643లో బాబాయి కొడుకు మగసంతానం లేకుండా చనిపోతే గాని ఆ ఆస్తి ఆమెకి రాలేదు. దాదాపు అరవై ఏళ్ళ వయసులో ఉత్తరానికి వెళ్ళి, పాడుబడ్డ కోటలు స్కిప్టన్, ఆపుల్‌బీ, బ్రూమ్, బ్రఫ్, పెండ్రాగన్ ఒక్కొక్కటే బాగుచేయించింది. ఊరికే బాగుచేయించి తాళం వేయలేదు. పడకా, పరివారమూ వెంటబెట్టుకుని ఒక దాన్నించి ఇంకొక దానికి మారుతూ అన్నిట్లోనూ కాపురం చేసింది, 1676లో చనిపోయేదాకా. ఆమె డైరీని అచ్చువేయించింది వీటాయే, 1923లో. తనకి అయిదేళ్ళ తర్వాత జరగబోయేది ఆ పేజీల్లో ఆమెకి ముందే కనిపించే ఉండాలి.

ఆన్ క్లిఫర్డ్ దొరసాని, ఆమె కోట గోడలకి రాళ్ళు మోసిన కూలీల పేర్లు నాకు తెలియవు. అయినా ఒక్క విషయానికి ఆమెని తలుచుకుంటాను. తన ఇంట్లో ఏ గది ఎలా ఉండాలో ఆమె ఎవర్నీ అడగలేదు.

ఇదంతా దొరల సంగతి, మనకెందుకు అంటారేమో. మన చట్టంలోకి వస్తాను. 1956 హిందూ వారసత్వ చట్టం కూతుళ్ళకి వాటా ఇచ్చింది. ఇచ్చి, 23వ సెక్షనులో ఒక గడియ పెట్టింది. కుటుంబం ఉంటున్న ఇంటి విషయంలో, మగవారసులు తమ వాటాలు పంచుకుందామనుకునేదాకా ఆడవారసులు పంచమని అడగడానికి లేదు. కావాలంటే ఆ ఇంట్లో ఉండవచ్చు. కూతురైతే అదీ పెళ్ళికానిదో, భర్త వదిలేసిందో, విడిపోయిందో, వితంతువో అయితేనే. కాపురం ఉండే పాత ఇంటిని ముక్కలు కాకుండా కాపాడాలన్న వాదన ఎంత బాగుంటుందో చూడండి. ఆ కాపాడటమనే పని ఆడవారసుల వాటా మీద పడింది. పరిరక్షణ సభల్లో ఇళ్ళు పాడవడానికి కారణాలు చెబుతూ, 'వారసుల మధ్య పంపకాలు' అని ఒక మాట తప్పకుండా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఈ సెక్షనే గుర్తొస్తుంది. లా కమిషన్ 2000లో దీన్ని తీసేయమంది. 2005 సవరణతో తీసేశారు.

మా తాతయ్య 1979లో వీలునామా రాయకుండా పోయాడు. ఆయన వాటాలో అమ్మకీ భాగం వచ్చింది, కాగితం మీద. ఇల్లు పంచమని అడిగే హక్కు రాలేదు. మన రాష్ట్రం దేశంలో అందరికన్నా ముందు, 1985 సెప్టెంబరు నుంచి, కూతుళ్ళని ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానం చేసినప్పుడు మా ఇళ్ళలో పెద్ద చర్చే జరిగింది. కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించదు. అమ్మ పెళ్ళి 1961లో అయింది. 1994లో చిన్న మామయ్య తన వాటా అన్నగారికి ఇచ్చేసి హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కున్నాడు. మగవారసులు పంచుకుందామనుకున్న రోజు అదే. అంటే అమ్మకి అడిగే హక్కు వచ్చిన రోజూ అదే. ఆ రోజే అమ్మని పిలిచి హక్కువిడుదల పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు, పట్టుచీర పెట్టారు. ఇల్లు చెక్కుచెదరకుండా ఉండాలమ్మా అన్నాడు పెద్ద మామయ్య. ఆయన చెడ్డవాడు కాదు, అమ్మంటే ప్రాణం. అమ్మ కూడా సంతోషంగానే పెట్టింది. ఆ చీర నా దగ్గరుంది.

ఆ చీర వల్లేనేమో ఆ ఇల్లు అలాగే ఉండాలని నాకు అంత పట్టుదల. మారకూడదన్న కోరిక అక్కడ ఉండని వాళ్ళకే ఎక్కువ. బావలకీ, నాకూ, ఆర్కిటెక్టు అమ్మాయికీ.

మరి ఏది అలాగే ఉంచాలి? మా ఇంటి నమూనా అంతా ఆడవాళ్ళ కదలికల్ని చూసుకుని గీసిందే. సావిట్లోకి మగవాళ్ళు వీధిగుమ్మం నుంచి వస్తారు. ఆడవాళ్ళు పంచపాళీ తలుపు చాటునుంచి వింటారు. పెరట్లో గోడకి ఆనించి ఒక చిన్న పాక ఉండేది, నెలకి మూడు రోజులు 'బయటున్న' వాళ్ళకి. పడమటింటి పక్కన వెలుతురు లేని గది మా అమ్మమ్మ అత్తగారిది. పదహారో ఏట భర్త పోతే, డెబ్భై ఏళ్ళు ఆ గదిలో గడిపింది. పెరటి సందులోంచి, ఎవరికీ ఎదురుపడకుండా, పాతరకం మరుగుదొడ్డి ఎత్తుకుపోవడానికి తెల్లవారుజామున ఒక స్త్రీ వచ్చేది. ఆమె కోసం ఆ సందు వదిలి కట్టారు. వారసత్వ నమూనాలో ఆ సందూ ఉంది. గీతల్లో ఆర్కిటెక్టు అమ్మాయి దాన్ని 'సేవామార్గం' అని రాసుకుంది. ఎవరి సేవ అన్నది రాయడానికి ఆ గీతల్లో చోటు ఉండదు. సెప్టిక్ ట్యాంకు కట్టినప్పుడు పాత దొడ్డి కూలగొట్టారు, ఎవరూ ఏడవలేదు. అమ్మమ్మ పోయాక ఆ పాక పడిపోతే మళ్ళీ ఎవరూ నేయలేదు. ఇల్లు చెడిపోయిందని ఎవరూ అనలేదు. అత్తయ్య గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గోడ పవిత్రమైంది.

రాజమండ్రిలో స్మారకంగా ఉంచిన కందుకూరి వీరేశలింగం ఇల్లు చూడటానికి వెళ్ళిన ప్రతిసారీ నేను వంట జరిగిన చోటు వెతుకుతాను. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిగినప్పుడు వంటవాళ్ళూ నీళ్ళుమోసేవాళ్ళూ వెలికి భయపడి రాకపోతే, రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి నీళ్ళు మోసి, వండి వడ్డించారు. సంస్కరణ ఆ బిందెల మీద నడిచింది. ఆ ఇంట్లో ఇప్పుడెవరూ ఉండరు. పొయ్యి వెలగదు. గోడలకి ఫొటోలున్నాయి. అలా చూస్తే అత్తయ్య ఉన్నందుకు మా ఇల్లు అదృష్టం చేసుకుంది. కానీ ఆవిడ ఉండాలంటే రాత్రిపూట భయం లేకుండా లేవగలగాలి. ఇంత చిన్న విషయం నాకు తట్టడానికి నెల పట్టింది.

నెల తర్వాత ఆర్కిటెక్టు అమ్మాయికి ఫోను చేశాను. వాదించడానికి సిద్ధమై చేశాను గాని అవసరం పడలేదు. తనూ అదే ఆలోచిస్తున్నానంది. మా నాన్నమ్మ కూడా ఇలాగే పడింది మేడమ్, అంది. పడమటింట్లో పాత కిటికీ ఒకటి ఉంది. దాన్నే కిందికి దింపి గుమ్మం చేస్తే గోడ పెద్దగా కొట్టక్కర్లేదు, పైన ఉన్న దూలం బరువు అలాగే మోస్తుంది, సున్నంతోనే అతుకు వేయవచ్చు అని గీసి పంపింది. కొత్త గది పాత గోడ మీద బరువు పడకుండా విడిగా నిలబడుతుంది, రేపెప్పుడో వద్దనుకుంటే తీసేయవచ్చు కూడా. ఆ చదువు గొప్పతనం నాకు అక్కడ తెలిసింది. సంక్రాంతి నాడు అత్తయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏం కావాలని మొదట అడిగి ఉంటే, ఈ గీత అప్పుడే వచ్చేది.

పోయిన నెల వెళ్ళాను. గది పూర్తయింది. నీలంరంగు టైల్సు, అమలాపురంలో అత్తయ్యే వెళ్ళి ఏరుకుంది. మండువా ఇంటికి ఏమాత్రం నప్పవు. నేను నోరెత్తలేదు. పట్టుకోవడానికి కమ్మీ కూడా పెట్టించింది. తూము శుభ్రం చేయడానికీ, పెరడు ఊడవడానికీ ఒక మనిషిని పెట్టుకోమని, జీతం ముగ్గురం కలిసి పంపుతామని చెప్పాను. అత్తయ్య ముందు ఆ మనిషికి ఎంత ఇస్తారో చెప్పమంది. నేను చెప్పిన అంకె విని, "దానికి ఎవరొస్తారే? నువ్వయితే చేస్తావా?" అంది. పెంచాం.

ఇంటి పన్ను పేరు మార్పిడి మాట ఇంకా తేలలేదు. అత్తయ్య వాటా ఆవిడ పేరున ఎక్కించాలని పెద్ద బావతో అన్నాను. అమ్మ పేరున పెడితే రేపు మళ్ళీ మార్చాలి కదా, ఎందుకు రెండు ఖర్చులు అన్నాడు. వచ్చే సంక్రాంతికి కాగితాలన్నీ పట్టుకుని రమ్మన్నాను. 1994 నాటి అమ్మ సంతకం కాగితం జిరాక్సు నేను తీసుకెళ్తున్నాను.